గొంతు చేరినంత మేర

ఊరు
అక్టోబరు 26, 1976

బ్రోసి అన్నయ్యకు,

నువ్వు పలక మీద రాసి చూపించినట్టే అన్నీ చేశాను. ఆసుపత్రిలో నిన్ను చూసి తిరిగొచ్చిన మర్నాడే గ్రాటెన్ మేతకొండ ఎక్కాను. గుడిసెలో నీటి గొట్టం విప్పి కడపటి చుక్కదాకా కార్చేశాను. పొయ్యిలో బూడిద ఎత్తిపోశాను. తలుపుకు అడ్డకర్ర బిగించాను. ఎలుకలకు ఏమీ మిగల్చలేదు, నీ చెర్రీ సారా సీసా తప్ప. అదెక్కడ దాచావో వాటికీ తెలుసు, నాకూ తెలుసు.

సరస్సు బాగా తగ్గింది. వేసవిలో నువ్వు పాలబిందెలు చల్లబెట్టే రాయి ఇప్పుడు పొడి నేల మీద నిలబడి ఉంది, పిలిచినవాళ్లు మరిచిపోయిన చుట్టంలా. నీళ్లు నల్లగా ఉన్నాయి. గాలి లేదు, పక్షి లేదు. అంత నిశ్శబ్దంలో మనసు కుదుటపడాలి. నాకు మాత్రం ఎవరో వెనకనుంచి తొందరపెడుతున్నట్టే ఉంది. గట్టు చుట్టూ సగం దూరం నడిచాను, ఎందుకు నడుస్తున్నానో తెలియక వెనక్కి తిరిగాను.

బడికి ఏడాది సెలవు పెట్టడం నీకు నచ్చలేదని నువ్వు పలక తుడిచిన తీరులోనే తెలిసింది. ఏం చేయమంటావు? నీ ఆవుల్ని ఎవరు చూస్తారు? పదహారేళ్ల ఆడపిల్లలకు రోమన్ల చరిత్ర చెప్పడం కంటే ఆవులకు గడ్డి వేయడం తేలికనుకున్నాను. ఆవులు ప్రశ్నలు వేయవు. చెప్పింది కూడా వినవు. ఆ మాటకొస్తే ఆడపిల్లలూ అంతే.

ఒక సంగతి రాయాలా వద్దా అని రెండు రోజులుగా తిరుగుతున్నాను. క్రెసెన్స్ పెద్దమ్మ నిన్న బంగాళాదుంపలు చెక్కు తీస్తూ అంది: "వేసవి మొదట్లో మీ అన్న సాయంత్రం ప్రార్థన పిలిస్తే మా కంచెదాకా వినపడేది పౌలీ. పోనుపోనూ తగ్గింది. ఆగస్టు చివరికి ఆ బండ దాటి రాలేదనుకో. అంబ్రోస్‌కి భక్తి తగ్గింది పాపం, అనుకున్నాం అందరం."

గొంతు ఎంత మేర చేరితే అంత మేర తెల్లారేదాకా పశువులకు రక్ష. నాన్న కొయ్య గరాటు నోటికి ఆనించుకుని బండ ఎక్కితే, ఆ మేర అవతల కాలు పెట్టడానికి మనం భయపడేవాళ్లం, గుర్తుందా? కానీ గొంతులో పుండు పెరుగుతుంటే ఊరు ఊరంతా దాన్ని పాపం లెక్కన కొలిచిందా? నువ్వూ అలాగే అనుకున్నావా? అడగకూడదేమో. అడిగేశాను.

ఫోనుల కాలంలో మనిద్దరం ఉత్తరాలకు దిగాం. నీకు గొంతు పెట్టె తీసేశారు కాబట్టి నా వాగుడుకు అడ్డు చెప్పేవాళ్లు లేరు. ఇది జోకు. నవ్వు వస్తే నవ్వు, కుట్లు జాగ్రత్త.

నీ
పౌలీనా


నగరం, సిస్టర్ల ఇల్లు
నవంబరు 14, 1976

పౌలీకి,

నవ్వాను. నొప్పి పెట్టింది.

ఇక్కడ మాకు గాలి మింగి తేనుపుతో మాట్లాడటం నేర్పుతున్నారు. మా గదిలో ట్రాము నడిపే ఆయన మొన్న "శుభోదయం" అని తేన్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మన లిసి గడ్డి నెమరేస్తూ ఇంతకన్నా స్పష్టంగా మాట్లాడుతుంది. నేను ఇంకా ఏమీ తేన్చలేదు.

మెడలో కన్నం ఉంది కాబట్టి చలి గాలి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుందట. ఎండలు వచ్చేదాకా కొండ పేరెత్తవద్దని డాక్టరు అన్నాడు. నేను ఎత్తలేనుగా.

నాకు గ్రాటెన్ కావాలి పౌలీ. ఏప్రిల్లో మేతలు పంచే ఊరి సభ. పంతొమ్మిది వేసవులు ఆ మేత నాకే ఇచ్చారు. ప్రార్థన పిలిచే గొంతు లేని గుడిసెకు ఎవరూ పశువుల్ని తోలరు, నీకూ తెలుసు. మన ఊరి కాస్పర్ ఆ మేత తనకిమ్మని అడుగుతాడు. అడగాల్సిందే, అతనికి కారణం ఉంది. అయినా నాకు కావాలి. కింద కూర్చోబెట్టడానికైతే నన్ను కోసి కుట్టడం దేనికి.

నాకోసం ఒకటి చెయ్యి. సరస్సు మారినప్పుడల్లా పైకి వెళ్లు. నీళ్లు గడ్డకట్టినప్పుడు, మంచు కప్పినప్పుడు, కరిగేటప్పుడు. బండ ఎక్కి నిలబడి గట్టిగా అరువు. ఏం వినపడిందో రాయి. ఏం అరవాలి అని పండితురాలిలా అడగకు. ఆవు పేరు చాలు.

నువ్వు అడిగిన దానికి జవాబు తర్వాత.

బ్రోసి


ఊరు
డిసెంబరు 19, 1976

అన్నయ్యకు,

గడ్డకట్టింది. మొన్న చూశాను. గడ్డకట్టాక ఇంకా మంచు కురవలేదు కాబట్టి గాజులా ఉంది. పొట్టపెట్టి పడుకుని కిందికి చూస్తే ఎప్పుడో రాలిన లార్చ్ చెట్ల ఆకులు నీళ్లలో ఆగిపోయి ఉన్నాయి, పడుతూ పడుతూ మనసు మార్చుకున్నట్టు. నేను లేచేసరికి సరస్సు మూలిగింది. ఈ చివర మొదలై ఆ చివరకు పోయి, కొండ కింద ఎక్కడో తలుపు వేసినట్టు ఆగింది. గట్టిపడేటప్పుడు మంచు అలాగే అంటుందని తెలుసు. తెలిసీ పరుగెత్తాను.

తర్వాత బండ ఎక్కి "లిసీ!" అని అరిచాను. నలభై నాలుగేళ్ల ఆడదాన్ని, లాటిన్ చదువుకున్నదాన్ని, ఖాళీ కొండల్లో ఆవును పిలిచాను. ఎదురు రాతిగోడ నుంచి తిరిగొచ్చింది. మళ్లీ ఇంకోసారి వచ్చింది. ఆ రెండోది నా గొంతులా లేదు. నువ్వు ఇవన్నీ ఎందుకు చేయిస్తున్నావో అర్థమైంది: ఆ చోటు నీకు గుర్తుకొస్తోంది, నా కళ్లతో చూసుకుంటున్నావు. చేస్తాను. ఎన్నిసార్లయినా.

గుడిసెలో ఎవరో కదిలారు. కాస్పర్. నిచ్చెన వేసుకుని కర్రతో కొలుస్తున్నాడు.

"ఏం కొలుస్తున్నావు కాస్పర్?"

"దూలం."

"ఎందుకూ?"

"పొడవు తెలుద్దామని."

ఇంతకన్నా మాట రాలేదు. నీకు గొంతు లేక మాట లేదు, అతనికి ఉండీ లేదు. పోనీ, మేత అతనికి వెళ్లినా గుడిసె పడిపోకుండా ఉంటే చాలు అనిపించింది.

ఇంకో ఆలోచన. నాలుగేళ్ల క్రితం రేడియోవాళ్లు వచ్చి నీ ప్రార్థన టేపులో పట్టుకుపోయారుగా. రాసి అడగనా? బండ మీద యంత్రం పెట్టి...

ఇది రాస్తుంటేనే సిగ్గేస్తోంది. కొట్టేయను, ఉండనీ.

నీ
పౌలీనా


నగరం
జనవరి 9, 1977

పౌలీనా,

మేత కాస్పర్‌కు వెళ్లినా చాలా? నా దూలం అతను కొలుస్తుంటే నిలబడి చూశావు. రేపు నా మంచం కొలుస్తాడు, అదీ చూడు. ఆవుల్ని కూడా బేరం పెట్టావేమో చెప్పు, సిద్ధంగా ఉంటాను.

టేపు వద్దు. యంత్రం పిలిస్తే దేవుడు వింటాడేమో, ఆయన ఓపిక ఆయనది. ఆవులు వినవు.

ఇంకొకటి. అవతలి గట్టున ఊట సరస్సులోకి దిగే మూల ఉంది, పెద్ద రాళ్ల వెనక. అక్కడ మంచు ఎంత గట్టిగా ఉంది? మనిషి బరువు ఆగుతుందా? దగ్గరకు పోకు, పొడుగు కర్రతో పొడిచి చూడు. ఎప్పుడు విరుగుతుందో కనిపెట్టి రాయి. నేను రాగానే మొదట అక్కడికే వెళ్తాను. ఎవరూ తోడు రానక్కరలేదు.

అంబ్రోస్


ఊరు
ఫిబ్రవరి 6, 1977

అన్నయ్యా,

ఆవుల్ని అమ్మలేదు. లిసి చూడి మీద ఉంది. ఇంత మాట నువ్వు అన్నావంటే ఇంకేదో అనలేక అన్నావనే నా నమ్మకం.

దక్షిణం గాలి నాలుగు రోజులుగా ఆగకుండా వీస్తోంది. నీకు తెలుసుగా, ఆ గాలిలో కుక్క కూడా పడుకోదు. ఊళ్లో ఎవరి పొయ్యీ వెలగలేదు, నిప్పు భయం. నిన్న నిప్పు నుంచి కాచే అగాథమ్మ పండగ. క్రెసెన్స్ పెద్దమ్మ గుళ్లో దీవించిన రొట్టె తెచ్చి వాకిట్లో ఒక ముక్క, కొట్టంలో ఒక ముక్క పెట్టి, మూడోది నా నోట్లో కుక్కింది. "తిను. నమ్మకపోయినా అరుగుతుంది" అంది. కొండల మీద మంచు జారుతున్న చప్పుడు పగలంతా. పైకి వెళ్లలేదు. వెళ్లగలిగినా ఊట మూలకు వెళ్లి ఉండేదాన్ని కాదు.

ఆ మూల మంచు గురించి నేను రాయను బ్రోసీ. ఎంత గట్టిదో, ఎప్పుడు విరుగుతుందో, మనిషిని ఆపుతుందో లేదో. నన్ను అడగకు. ఒంటరిగా వెళ్తానన్న ముక్క చదివినప్పటి నుంచి నేను ఈ ఇంట్లో కిటికీ నుంచి కిటికీకి నడుస్తున్నాను. ఏ విషయాన్నీ పూర్తిగా నమ్మడం నాకు చేతకాదు, పూర్తిగా కొట్టిపారేయడమూ చేతకాదు. అందుకని భయం సగమే ఉన్నా పని మొత్తం చేశాను: మీ పెద్ద సిస్టర్‌కు ఉత్తరం రాశాను. నీ మీద ఒక కన్ను వేసి ఉంచమన్నాను.

కోప్పడు. తలపండేదాకా కోప్పడు. అందుకు నువ్వు ఉంటే చాలు.

పౌలి


నగరం
ఫిబ్రవరి 20, 1977

ఓసి పిచ్చిదానా,

నా చాకు తీసేసుకున్నారు. నడుం పట్టీ తీసేసుకున్నారు. ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని భోజనానికి వెళ్తున్నాను. చీజ్ ముక్క కోసుకోవాలంటే ఒక చిన్న సిస్టర్‌ని సైగలతో బతిమాలాలి, ఆమె కాగితమంత పల్చగా కోస్తుంది. ట్రాము ఆయన నన్ను చూసి ఎంత నవ్వాడంటే అతని కన్నంలోంచి ఈల వచ్చింది. ఎందుకిలా అని వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఇవాళ నీ ఉత్తరం అందింది.

విను. ఊట మూల మంచు మిగతా సరస్సు కంటే ముందు విరుగుతుంది. అది విరిగిన దాన్ని బట్టి పశువుల్ని ఎప్పుడు తోలాలో తెలుస్తుంది. నాన్న చూసేవాడు, నేను చూస్తాను. అందుకు అడిగాను. నీకు తెలుసనుకున్నాను.

ఒంటరిగా వెళ్తానన్నది వేరే. పోయిన ఆగస్టులో కాస్పర్ ఎర్ర పెయ్య అక్కడే జారిపడి చచ్చింది. సాయంత్రం పిలిచినప్పుడు నా గొంతు ఆ మూలకు చేరలేదని నాకు తెలుసు. బండ మీద నుంచి దిగేటప్పుడే తెలుసు. మళ్లీ ఎక్కి పిలుద్దామంటే ఊపిరి లేదు. పొద్దున వెళ్లేసరికి రాళ్ల మధ్య పడి ఉంది. కాస్పర్ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

నువ్వు అక్టోబరులో అడిగావుగా. అవును, నేనూ భక్తే తగ్గిందనుకున్నాను. ఫాదర్ దగ్గరకు పోయి ఒప్పుకోలు చెప్పాను. మళ్లీ పోయాను. ఏం పాపం చేశావు అంటే గుర్తుకు రాక, వెతికి వెతికి చిన్నప్పటివి చెప్పాను. డాక్టరు సంగతి ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

ఇప్పుడు అసలు మాట. నేను ఆ మూలకు వెళ్లి నిలబడాలన్నది చెవి పెట్టడానికి. నువ్వు బండ మీద నుంచి పిలిస్తే అక్కడికి చేరుతుందా అని. శరత్తు నుంచీ నిన్ను అరవమంటున్నది నా గుర్తుల కోసం కాదు. బండ నీకు అలవాటు కావాలని.

చాకు ఇప్పించు.

బ్రోసి


ఊరు
మార్చి 13, 1977

అంబ్రోస్‌కు,

సిస్టర్‌కు రాశాను. చాకు, పట్టీ ఇస్తారు. నవ్వాను, ఏడ్చాను, ఆ రెండూ అయ్యాక కోపం వచ్చింది.

నన్ను అడిగావా? నా చేత ఆవును పిలిపిస్తూ, ఎంత అమాయకంగా, మెట్టు మెట్టుగా ఎక్కించుకొచ్చావు! నేను అన్నకు కళ్లు అరువిస్తున్నాననుకుని మురిసిపోయాను. నువ్వేమో గొంతుకు కొలతలు తీసుకుంటున్నావు. కాస్పర్ నయం, దూలం కొలుస్తున్నానని చెప్పాడు.

నేను గుడికి వెళ్లేది క్రిస్మస్‌కి, అదీ పాటల కోసం. నమ్మకం లేని నోటితో మరియమ్మనీ పశువుల్ని కాచే పునీత వెండెలీన్‌నీ పిలిచి, ఇదంతా కాపాడండి అంటే దాన్నేమంటారు? అబద్ధమంటారు. రేపు ఇంకో పెయ్య పడితే? నీ గొంతు తగ్గితే భక్తి తగ్గిందన్నారు. నాది నిండుగా మోగి లోపల ఏమీ లేకపోతే? ఎవరికీ తెలియదు, నాకు తెలుస్తుంది. అప్పుడు నేను ఏ డాక్టరు దగ్గరకు పోవాలి?

పైకి వెళ్లాను, నీ మీద కోపంతోనే. సరస్సు లేదు, మడత పెట్టని తెల్ల దుప్పటి ఉంది. గట్టెక్కడో నీళ్లెక్కడో తెలియదు. బండ మీద మంచు తవ్వి ఎక్కి నిన్ను తిట్టాను. గట్టిగా, నీ పేరు పెట్టి. ఏదీ తిరిగి రాలేదు. మార్చి మంచు తిట్లను మింగేస్తుంది, రాసి పెట్టుకో.

గరాటు నేను పట్టుకోను.

పౌలీనా


ఊరు
ఏప్రిల్ 18, 1977

అన్నయ్యకు,

నా పోయిన ఉత్తరానికి నువ్వు జవాబు రాయలేదు. రాసినా ఇది చదివాక చింపేద్దువుగాని.

నిన్న పూజ అయ్యాక సత్రం మేడ మీద సభ. నేను వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను, ఊరికే విని నీకు రాద్దామని. గ్రాటెన్ వంతు రాగానే కాస్పర్ లేచాడు. టోపీ తిప్పుకుంటూ, "అంబ్రోస్ మీద నాకేం పగ లేదు. గొంతు లేని మేతకి నా పెయ్యల్ని పంపను. పోయినేడు ఒకటి పోయింది. అంతే" అని కూర్చున్నాడు. అతని జన్మలో అంత పొడుగు మాట అదే అయ్యుంటుంది.

ఎవరో వెనక నుంచి, "రేడియో కట్టండిరా బండకి!" అన్నారు. "వానొస్తుందో రాదో కూడా చెప్తుంది." సభంతా గొల్లుమంది. నాకు చెవులు కాలిపోయాయి, ఎందుకంటే ఆ ఆలోచన ముందు నాదే.

క్రెసెన్స్ పెద్దమ్మ కర్ర నేలకేసి కొట్టింది. "నవ్వండర్రా, నవ్వండి. పోయినేడు ఆ గొంతు రోజురోజుకీ చిక్కిపోతుంటే విన్నది ఎవరు? మనమే. ఒక్కడైనా 'బ్రోసీ, డాక్టరుకు చూపించుకోరా' అన్నాడా? భక్తి తగ్గిందన్నాం. నేనూ అన్నాను, ఈ నోటితోనే. ఇప్పుడు గొంతు లేదు కాబట్టి మేత లేదంటున్నాం. బాగుంది మన భక్తి!"

ఎవరూ తల ఎత్తలేదు. ఫాదర్ కిటికీ బయటకు చూశాడు. ఆ నిశ్శబ్దం అక్టోబరులో సరస్సు దగ్గర ఉన్నలాంటిదే, వెనకనుంచి తోస్తుంది. "నేను పిలుస్తాను" అని వినపడింది. ఎవరా అని నేనూ తిరిగి చూశాను.

"ఆడమనిషా?" అన్నాడు ఒక ముసలాయన.

"ఆవులు మాత్రం మగవాళ్లా ఏమిటి?" అంది పెద్దమ్మ.

ఈసారి నవ్వు వేరేగా ఉంది. కాస్పర్ నవ్వలేదు. షరతు పెట్టాడు: మొదటి సాయంత్రం అతను అవతలి గట్టున కంచె దగ్గర నిలబడతాడు. వినపడితే మేత నీది. వినపడకపోతే మర్నాడు గుడిసె తాళం అతనికి. చేతులు లేచాయి. అయిపోయింది.

బయట మెట్ల మీద నన్ను ఆపి అడిగాడు: "దూలం చూశావా?" నవంబరు మంచుకే పాతది నెర్రె విచ్చిందట. జనవరిలో ఒక్కడే జారుడు బండి మీద కొత్తది లాక్కెళ్లి వేశాడట. మరి నాతో చెప్పలేదేం అన్నాను. "నెర్రె ఉందా అని నువ్వు అడగలేదుగా" అన్నాడు. గుడిసె తనకొస్తుందని వేశావా అని కూడా అడిగాను, నా నోరు ఊరుకోదు. అతను, "ఎవరిదైతేనేం. మంచు అడిగి పడుతుందా" అన్నాడు.

నువ్వు అతనికి ఒక క్షమాపణ బాకీ. నేనూ బాకీ.

కానీ బ్రోసీ, ఎందుకన్నాను ఆ మాట? ఊరి మీద కోపంతో అన్నాను. కోపంతో చేసే ప్రార్థన ఏం ప్రార్థన? మార్చిలో రాసిన ప్రతి అక్షరం ఇంకా నిజమే. నాకు నమ్మకం లేదు. ఇప్పుడు మాట కూడా ఇచ్చాను. ఈ రెంటి మధ్యా నిద్ర పట్టడం లేదు.

నీ
పౌలి


నగరం
మే 8, 1977

పౌలీకి,

రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిదానికి మూడు జవాబులు రాసి చింపాను. నిన్ను అడగకపోవడం తప్పే. అడిగితే కాదంటావని అడగలేదు. అడగలేదు కాబట్టి కాదన్నావు. మధ్యలో ఒక శీతాకాలం పోయింది.

కాస్పర్‌కు కార్డు రాశాను. అతను జవాబు రాయడు.

నమ్మకం గురించి నాకు చెప్పడం రాదు. నేను పిలిచిన సాయంత్రాల్లో చాలాసార్లు పొయ్యి మీద పాలు పొంగుతాయేమో అన్నదే ఆలోచన. వానలో తడుస్తూ పునీతులందర్నీ పళ్లు కొరుకుతూ పిలిచాను. కొన్ని సాయంత్రాలు మాత్రం వేరు. అవి ఎప్పుడొస్తాయో ముందు తెలిసేది కాదు. తెలియదు కాబట్టి రోజూ ఎక్కాను. నమ్మకపోయినా ఫరవాలేదు అని నేను చెప్పను. ఫరవా ఉందేమో. నాకు తెలియదు. అందుకే ఆ మొదటి రాత్రి నేను అవతలి గట్టున ఉంటాను.

ఇక పని మాటలు. అరవకు. అరిస్తే దగ్గరే పడిపోతుంది. పాటకూ మాటకూ మధ్య పట్టుకో, నాన్న పట్టినట్టు. గరాటు పళ్లకు తగలకూడదు. ఊపిరి గడ్డం కింద నుంచి కాదు, నడుం నుంచి. ముందు సరస్సు వైపు, తర్వాత గోడ వైపు, తర్వాత మిగతావి. నీళ్ల మీద మంచు లేకపోతే మాట త్వరగా పోతుంది, వెంటపడకు. అది ఆ ఒడ్డు చేరేదాకా ఆగి తర్వాతి పేరు ఎత్తుకో.

మొన్న గాలి మింగి నీ పేరు తేన్చాను. "పౌలి ఎవరు?" అంది చిన్న సిస్టర్. ట్రాము ఆయన చప్పట్లు కొట్టాడు. శుభోదయం ఇంకా రాలేదు.

జూన్ పద్దెనిమిదిన తపాలా బస్సులో దిగి నేరుగా పైకి వస్తాను. పెయ్యల్ని తోలుకుని అవతలి గట్టుకు పోతాను. నీ ఎదుట ఉంటే నువ్వు నా మొహం చూస్తావు. వద్దు.

బ్రోసి


గ్రాటెన్
జూన్ 5, 1977

అన్నయ్యా,

ఊట మూల మంచు మొదట విరిగింది, నువ్వన్నట్టే. నేను వెళ్లి చూశాను, కర్రతో పొడిచి చూశాను, రాయనన్నది రాస్తున్నాను. తర్వాత గట్టు చుట్టూ నల్లటి అంచు తెరుచుకుంది. మధ్యలో మంచు పలక ఒంటరిగా తేలింది, గాలి ఎటు తోస్తే అటు. పొద్దున ఈ ఒడ్డున, సాయంత్రం ఆ ఒడ్డున, ఎక్కడా కుదురు లేదు. దాన్ని చూస్తే చుట్టాన్ని చూసినట్టుంది. నిన్న మొత్తం కరిగింది. కప్పలు మొదలెట్టాయి. తడి నేలంతా పసుపు పువ్వులు.

గరాటుతో పిలిచి చూశాను, ఆవులు లేకుండా, ఎవరూ లేకుండా. నా గొంతు నాకే వెనక్కి వచ్చింది, నాన్నది కాదు, నీది కాదు. "ఈ మేత మీద ఉన్న సమస్త ప్రాణినీ" అనే చోటు దాటలేకపోతున్నాను. సమస్త ప్రాణి అంటే నక్కా? తోడేలా? పిలిచే నేను కూడా వస్తానా అందులో? చిన్నప్పుడు ఈ సందేహం ఎందుకు రాలేదు? వినేవాళ్లం కాబట్టి. వినేవాళ్లకు సందేహం ఉండదు, నిద్ర వస్తుంది.

బడి నుంచి ఉత్తరం వచ్చింది. సెప్టెంబరులో వస్తానో రానో ఈ నెలలోపు చెప్పాలట. నిన్న రాత్రి సూట్‌కేసు సర్దాను. పొద్దున విప్పాను. ఇప్పుడు మళ్లీ సర్ది తలుపు దగ్గర పెట్టాను. లోపల ఏముందో నాకే తెలియదు, ఒక మేజోడు, లాటిన్ నిఘంటువు. కాస్పర్ పెయ్యల్ని పంపుతున్నాడు. అందులో ఒకటి ఎర్రది, చచ్చినదాని చెల్లెలు.

త్వరగా రా. నువ్వు వచ్చేసరికి నేను ఇక్కడే ఉంటాననే అనుకుంటున్నాను. రాసి ఇవ్వలేను.

పౌలి


అవతలి గట్టు
జూన్ 18, చీకటి పడుతుండగా

పౌలీకి,

ఈ చీటీ కాస్పర్ తెస్తున్నాడు. అతనికి కాఫీ ఇవ్వు. సారా ఎక్కడుందో నీకు తెలుసు.

వినపడింది. మరియమ్మ పేరు స్పష్టంగా వచ్చింది. వెండెలీన్ సగం నీళ్లలో పడ్డాడు, ఈదుకుంటూ వచ్చాడు. సమస్త ప్రాణి దగ్గర నీ గొంతు వణికింది. అక్కడ నాకూ వణికేది. ఎవరికీ చెప్పలేదు.

కాస్పర్ కంచె దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నువ్వు మొదలెట్టగానే టోపీ తీశాడు. తీర్పు చెప్పడానికి వచ్చిన సంగతి ఆ తర్వాత గుర్తొచ్చినట్టుంది, మళ్లీ పెట్టుకోబోయి ఆగాడు. అయిపోయేదాకా చేతిలోనే పట్టుకున్నాడు. తాళం అడగడు.

ఆవులు పడుకున్నాయి. సరస్సు నల్లబడింది. నీ దీపం ఇక్కడి నుంచి కనిపిస్తోంది, ఈ కిటికీకీ ఆ కిటికీకీ తిరుగుతోంది. కూర్చో ఇక.

రేపు గరాటు కొంచెం ఎడమకు తిప్పు. ఊట మూలకు, రాళ్ల వెనక్కు, చేరలేదు. నువ్వు పిలుస్తుండగా మధ్యలో ఒకసారి అక్కడికీ వెళ్లి నిలబడి విన్నాను. ఎర్ర పెయ్య అక్కడే పడుకుంది, లేపితే లేవడం లేదు.

ఈ రాత్రికి దాని పక్కన నేను కూర్చుంటాను.

బ్రోసి